కువైట్ మీదుగా పక్కింటికి

మా మరిది కువైట్ నుంచి పంపిన డబ్బా సబ్బుపెట్టె కంటే కొంచెం పెద్దది. సెలవు మీద ఊరికొచ్చిన అతని గది మిత్రుడు దాన్ని ఖర్జూరాల పొట్లాల నడుమ దాచి గోదావరిఖని దాకా భద్రంగా తెచ్చాడు. దాని వైరు ఒకటి ఇంటర్నెట్ పెట్టెకు, ఇంకొకటి మామూలు టెలిఫోనుకు తగిలించాలి. అప్పుడు ఆ ఫోను ఇంటర్నెట్ మీద నడుస్తుంది. కువైట్‌లో అతని గదిలోనూ అలాంటిదే ఉంది కాబట్టి మేమూ అతనూ ఎంతసేపు మాట్లాడుకున్నా అడిగేవాళ్ళు లేరు. తెలంగాణ ఉద్యమం నడుస్తున్న రోజులవి. బజారులో అన్నీ బంద్ అయిన రోజు కూడా మా డబ్బాలోని ఆకుపచ్చ దీపం వెలుగుతూనే ఉండేది. దాన్ని చూసినప్పుడల్లా మనసులో దేవునికి కృతజ్ఞత చెప్పుకునేదాన్ని.

దాంతోపాటు ఇంగ్లీషులో ఒక కాగితం వచ్చింది. నేను బడికి పోయినదాన్ని కాదు. మా నాన్న బాయి మీద కార్మికులకు దీపాలిచ్చే గదిలో పనిచేసేవారు. మా వైపు బొగ్గు గనిని బాయి అంటాం. డ్యూటీ నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, బైబిలు ముందు పెట్టి నాకు తెలుగు అక్షరాలు నేర్పారు. ఇంగ్లీషు అక్షరాలు సామాన్ల డబ్బాల మీద నేర్పారు. అందుకని ఆ కాగితాన్ని బైబిలు వాక్యం చదివినంత నిదానంగా, మొదటి నుంచి చివరి దాకా చదివాను. స్టార్ గుర్తు నొక్కి ఫలానా అంకెలు కొడితే ఫోను మోగకుండా ఉంటుందట. వేరే అంకెలు కొడితే మనకొచ్చే పిలుపు ఇంకొకరి ఇంటికి పోతుందట. మాట్లాడుతుండగానే మూడో మనిషిని కలుపుకోవచ్చట.

మొదట్లో స్టార్ ఎంత నొక్కినా ఏమీ కాలేదు. ఫోను బోర్లించి చూస్తే కింద చిన్న మీట, దాని పక్కన టీ, పీ అని రెండు అక్షరాలు ఉన్నాయి.

"పీ అంటె ఫోనే గద, అటే ఉండనియ్" అన్నారు మా ఆయన.

ఆయన డ్యూటీకి పోయాక దేవుని మీద భారం వేసి మీటను టీ వైపు జరిపాను. ఆ క్షణం నుంచి డబ్బా నా మాట వినడం మొదలుపెట్టింది.

మరిది మంచివాడు. ఎంత మంచివాడంటే, మా నంబరును తన గదిలో వాళ్ళందరికీ ఇచ్చాడు. వాళ్ళ భార్యలు కొందరు మా క్వార్టర్ల లైన్లో, కొందరు పక్క లైన్లో ఉండేవారు. ఒకరింట్లో ఫోనుంటే పది ఇళ్ళకు అదే ఫోను, ఎవరికొచ్చినా పోయి పిలుచుకురావాలన్నది మా కాలనీలో ముందునుంచీ ఉన్న పద్ధతే. కాబట్టి కువైట్‌లో సెలవైన శుక్రవారం నాడు పొద్దుటి నుంచే మా ముందుగది నిండేది. ఒకామె తన భర్తతో మాట్లాడుతుంటే మిగతావాళ్ళు విని సలహాలిచ్చేవారు.

మా ఆయనకు అదే సమయంలో నిద్ర కావాలి. వారానికొకసారి షిఫ్టు మారుతుంది. నైట్ షిఫ్టు వారంలో తెల్లవారి ఇంటికొచ్చి తిని పడుకుంటారు. అలా మనిషి పడుకున్న ఇంటి గేటు మీద తువ్వాల ఆరేస్తే మా లైన్లో ఎవరూ గేటు చప్పుడు చేయరు. కూరగాయలామె కూడా ఆ గేటు దాటేదాకా గొంతు తగ్గించుకుంటుంది. కానీ ఫోనుకు తువ్వాల ఎట్లా కనిపిస్తుంది?

"బాయిల కండ్లు మూతవడుతున్నయే" అన్నారాయన ఒకరోజు. "ఒక్క కునుకు తీస్తె పైన కప్పు ఏమంటున్నదో ఇనవడదు. గా డబ్బాకు ఏదన్న మందు చూడు."

ఆ మాటకు భయమేసింది. కాగితం మళ్ళీ తీశాను. ఫోను అసలు మోగకుండా చేస్తే అవతలివాళ్ళకు ఉత్త కూత వినిపిస్తుంది. ఎడారిలో ఉన్న బిడ్డలకు కూత వినిపించడం మర్యాద అనిపించలేదు. అందుకని పిలుపును పక్కింటి అవ్వకు మళ్ళించాలని నిశ్చయించాను. ఆమె ఇంట్లో మామూలు టెలిఫోను ఉంది. కొడుకు డ్యూటీకి పోతే ఇంట్లో ఒక్కతే ఉంటుంది. మాటంటే ఆమెకు ప్రాణం.

"మీ ఇంటికొచ్చే ఫోను మా ఇంట్ల మోగుతదా? నడుమ వైరేది?" అంది అవ్వ.

"కువైట్ నుంచి సీద నీకే వస్తదవ్వా."

"మీ ఇంటికి రాకుండనే? గంత దూరం నుంచి వచ్చినోడు మీ గేటు ముందట నిలవడకుండనే మా ఇంట్లకొస్తడా? గిదేం మర్యాదనే?"

"మనిషి పండుకున్నడు, లేచినంక చెయ్యుమని చెప్తె సాలు."

"గది నేను చెప్పలేనా? లేపనే లేపను."

నిజంగానే లేపలేదు. ఆ వారమంతా అవ్వ మా ఇంటికి కాపలాదారు అయింది. ఎవరు చేసినా ముందు 'మనిషి పండుకున్నడు' అని, తర్వాత అక్కడ ఎండలెట్లున్నయ్, ఏం కూర వండుకుంటున్నరు అని అడిగేది. వాళ్ళ భార్యలు మెల్లగా మా ఇల్లు వదిలి అవ్వ ఇంట్లో కూర్చోవడం మొదలుపెట్టారు. మా ఆయన గురకపెట్టి నిద్రపోయారు. ఇంత చిన్న డబ్బాలో ఇంత ఉపకారం పెట్టిన దేవుని స్తుతించి, ఈ ఉపాయం మరిదికి కూడా గొప్పగా చెప్పాను. "మంచిగున్నది వదినె" అన్నాడు.

ఇక అసలు సంగతి. మరిదికి ముప్పై దాటాయి. మనిషి కంటికి కనిపించడు కాబట్టి వచ్చిన సంబంధం వచ్చినట్టే పోతోంది. ఈసారి బెల్లంపల్లి నుంచి ఒకటి వచ్చింది. మా చర్చి సంఘం వాళ్ళే, తండ్రి బాయి పని చేసి రిటైరైన మనిషి, అమ్మాయి చిన్న బడిలో టీచరు. ఇది కుదిరితే వచ్చి ఇక్కడే వెల్డింగు షాపు పెట్టుకుంటానని, కుదరకపోతే మళ్ళీ కాంట్రాక్టు కాగితం మీద సంతకం పెడతానని మరిది అన్నాడు. సంతకం పెడితే ఇంకెన్నాళ్ళకు చూస్తామో! అత్తమ్మ, మామయ్య పోయాక అతను నా చేతి అన్నం తిని పెరిగినవాడు. నేను రాత్రి ప్రార్థనలో ఈ ఒక్క సంగతే అడుగుతున్నాను.

అమ్మాయి ఒకే ఒక్క షరతు పెట్టింది. "ఫోటో చూసి ఒప్పుకోను. మనిషితో మాట్లాడాలి." తండ్రి ఇంకొకటి కలిపాడు, "పెద్దలు కూడా లైన్ల ఉండాలె." అంటే పెళ్ళిచూపులు ఫోనులో. వధువు బెల్లంపల్లిలో, వరుడు కువైట్‌లో, నడుమ నేను. ముగ్గురిని కలిపే ఏర్పాటు మా డబ్బాలో ఉంది కదా!

దాన్ని సాధన చేశాను. మొదటివాళ్ళు లైన్లో ఉండగా రిసీవరు పెట్టే చోట ఉండే మీటను ఒకసారి తట్టాలి. రెండో నంబరు కొట్టి, మళ్ళీ తట్టాలి. తట్టడం మరీ చిన్నదైతే డబ్బాకు తెలియదు, ఎక్కువసేపు నొక్కితే లైను తెగిపోతుంది. సరిగ్గా 'స్తోత్రం' అన్నంతసేపు నొక్కితే కుదురుతుందని కనిపెట్టాను.

శుక్రవారం నాలుగు గంటలకని అనుకున్నాం. ఆ రోజు బంద్, బడులు లేవు, మా పిల్లలిద్దరూ ఆటకు పోయారు. మా ఆయన నైట్ షిఫ్టు చేసొచ్చి నాలుగింటికి లేపమని పడుకున్నారు. గేటు మీద తువ్వాల ఉంది, ఫోను అవ్వ వైపు మళ్ళించి ఉంది. మూడు కొట్టిందో లేదో ఆయన తలగడ కింద సెల్లు మోగింది.

"మేం తయారున్నం, కలుపుండ్రి." బెల్లంపల్లి పెద్దాయన. బాయి పని చేసిన మనిషి కదా, షిఫ్టుకు గంట ముందే పోయి కూర్చునే అలవాటు పోలేదు.

"ఆఁ, కలుపుతున్నరు" అని మా ఆయన నిద్రలోనే మాటిచ్చి, సెల్లు నా చేతిలో పెట్టి అటు తిరిగి పడుకున్నారు.

ఇంక చేసేదేముంది? చీర సవరించుకున్నాను. ఎవరూ చూడరని తెలిసినా సవరించుకున్నాను. మనకొచ్చే ఫోన్లు మళ్ళించి ఉన్నా మనం చేసేవి పోతాయని కాగితంలో చదివాను కాబట్టి ఆ ఏర్పాటు కదపలేదు. బెల్లంపల్లి నంబరు కొట్టాను.

"వందనాలమ్మా. పిల్లగాడు లైన్ల ఉన్నడా?"

"ఇగో, కలుపుతున్న కాకా. మీరు పెట్టెయ్యకుండ్రి."

స్తోత్రం. కువైట్ నంబరు కొట్టాను. అవతల గంట మోగడం వినగానే, ఆలస్యం చేస్తే పెద్దాయనకు కోపమొస్తుందేమోనని, ఎత్తకముందే రెండో స్తోత్రం కూడా కానిచ్చేశాను. ముగ్గురం కలిశాం. అటు ఎవరో ఎత్తారు.

"హలో. మనిషి పండుకున్నడు. రాత్రంత బాయిల పనిచేసొచ్చిండు. లేపేది లేదు. నాలుగు కొట్టినంక చెయ్యి."

అది అవ్వ గొంతు. గోడ అవతలి నుంచి ఒకసారి, రిసీవరులో కాస్త ఆలస్యంగా మళ్ళీ ఒకసారి వినిపించింది.

జరిగింది ఇదని తర్వాత తెలిసింది. కువైట్ గదిలో అందరూ మా వైపు వాళ్ళే. సెలవు రోజు పడుకున్నవాళ్ళను లేపకూడదని, నేను చెప్పిన ఉపాయం ప్రకారం మరిది తన ఫోనును మా ఇంటికి మళ్ళించి బయటికి పోయాడు. మా ఇంటిది నేను అవ్వ ఇంటికి మళ్ళించాను. అలా నా పిలుపు కువైట్ దాకా పోయి, అక్కడ ఎవరి నిద్రా చెడగొట్టకుండా వెనక్కి తిరిగి, మా ఇల్లు కూడా దాటి, గోడ అవతల అవ్వ ఒళ్ళో పడింది.

"ఎవలమ్మా నువ్వు? కువైట్ల బాయి ఎక్కడిది?" అన్నాడు పెద్దాయన.

"కువైట్ల బాయి ఉన్నదో లేదో నాకేం ఎరుక, నేను చూసిన్నా? ఇక్కడైతె మనిషి పండుకున్నడు."

"పిల్లగాడు నాతోని మాట్లాడుత అన్నడు గద."

"పిల్లగాడా! ఇద్దరు పిల్లల తండ్రి. నెత్తి సగం తెల్లవడ్డది. పిల్లగాడట!"

బెల్లంపల్లిలో పెద్దాయన పక్కకు తిరిగి ఎవరితోనో, "ఇద్దరు పిల్లలట" అనడం స్పష్టంగా వినిపించింది.

"అవ్వా! అవ్వా, నేను!" అని అరిచాను.

"బిడ్డా? నువ్వెప్పుడు పోయినవే కువైట్‌కు? పొద్దుగాల నల్ల కాడ నీళ్ళు పడుతుంటివి గద!"

"మా ఇంట్లనే ఉన్ననవ్వా. వీళ్ళు బెల్లంపల్లోళ్ళు. చిన్నోని సంబంధం వాళ్ళు."

"సంబంధమోళ్ళా! ముందుగాల చెప్పొద్దా మరి?" అవ్వ గొంతు ఒక్కసారిగా తీపెక్కింది. "తమ్మీ, నేను చెప్పింది పెద్దోని సంగతి. పిల్లలు పెద్దోనికి. చిన్నోనికి ఎవ్వలు లేరు. ఒక్కడే పడి ఉన్నడు ఎడారిల."

పెద్దాయన ఏదో అనబోయేంతలో ఒక కొత్త గొంతు వినిపించింది. మెత్తనిదే కానీ తొణకని గొంతు.

"అవ్వా, వందనాలు. నేను పిల్లను."

"ఏ పిల్లవు?"

"ఆ సంబంధం నాదే. ఆయనను నువ్వు చిన్నప్పటి సంది ఎరుగుదువా?"

"ఎరుగుడేంది! మా వాకిట్లనే పెరిగిండు."

"ఎట్లుంటడు?"

"నల్లగుంటడు."

"గది ఫోటోల చూసిన. మనిషి ఎసుంటోడు? కోపమెక్కువనా?"

"కోపమొస్తె అన్నం తింటడు. ఎంత కోపమొస్తె గంత తింటడు. నువ్వు బియ్యం ఎక్కువ పెట్టుకో బిడ్డా."

అమ్మాయి నవ్వలేదు. "తాగుతడా?" అంది.

నా వేలు మీట మీదే ఉంది. కొంచెం గట్టిగా నొక్కి పడితే లైను తెగిపోతుంది, యంత్రం మీదికి నెట్టేయొచ్చు. మా ఇంట్లో ఎవరూ ఎత్తని సంగతి ఒకటి ఉంది, అది అవ్వకు తెలుసు. కానీ ఇన్నాళ్ళూ దేవుణ్ణి ఏది అడిగానో దాన్ని ఇలా నొక్కి సంపాదించుకోవడానికి వేలు రాలేదు.

"ఒక్కసారి తాగిండు" అంది అవ్వ. "కాంట్రాక్టు పని మొదటి జీతం నాడు దోస్తులు తాపిచ్చిండ్రు. వదినెకు మొఖం చూపియ్యలేక నా గడపల పండుకున్నడు. తెల్లారి లేచి సిగ్గుతోని మా వాకిలంత ఊడ్చిపోయిండు."

"తర్వాత?"

"తర్వాత తాగలేదు. తాగినా నా గడపకైతె రాలేదు."

ఫోను మళ్ళీ పెద్దాయన చేతికి పోయింది. "సరేనమ్మా. నాలుగింటికి చూద్దం" అన్నాడు. వందనాలు చెప్పకుండానే పెట్టేశాడు. మా సంఘంలో ఆ మాట చెప్పకుండా ఎవరూ ఫోను పెట్టరు.

అవ్వ స్వయంగా వచ్చి మా గడపలో నిలబడింది. ఈ గోలకు మా ఆయన లేచి వచ్చి సంగతి విని తల పట్టుకున్నారు.

"అవ్వా, నీకు దండం పెడత. గదెందుకు చెప్పినవ్?"

"అడిగింది, చెప్పిన. అబద్దం చెప్పాలంటె ముందుగాల చెప్పొద్దా? తయారై ఉందును గద!"

అవ్వ వెళ్ళాక ఆయన గొంతు తగ్గించారు. "ఇగో, వానికి ఫోను చెయ్యి. ఎన్నడు తాగలేదని చెప్పుమను. ముసలమ్మకు యాది సరిగ్గ లేదు, ఒకలను చూసి ఒకలనుకుంటదని మనం చెప్దం."

"నీ నిద్ర కోసం వారమంత కాపలా ఉన్నది ఆమెనే. ఆమెకు మతి లేదని నా నోటితోని చెప్పలేను."

"అయితె సంబంధం పోతది."

"పోతె పోతది" అన్నాను. అనగలిగానే గానీ వంటింట్లోకి పోయి స్టవ్వు మీది ఖాళీ గిన్నె మూత తీసి మళ్ళీ పెట్టాను.

ఫోను మళ్ళీ మా ఇంటి వైపు తిప్పుకున్నాను. నాలుగు కాకముందే మోగింది.

"వదినె! మంగలి దుకాణం కాడ ఆలస్యమైంది. గడ్డం గీకిచ్చుకున్న, కటింగ్ కూడ అయింది. కొత్త అంగీ ఏసుకున్న."

"ఫోనుల మాట్లాడేటందుకా, తమ్మీ?"

"పెండ్లిచూపులు గద వదినె." ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోయాడు. "ఏమేం మాట్లాడాలెనో అన్నీ అనుకుని పెట్టుకున్న. ముందుగాల బైబిల్ల వాక్యం ఒకటి చెప్త, తర్వాత షాపు సంగతి చెప్త."

జరిగింది చెప్పేద్దామని నాలుక చివరి దాకా వచ్చింది. చెబితే అతను దాచుకోవడానికైనా, ఒప్పుకోవడానికైనా తయారై కూర్చుంటాడు. "ఏమడిగినా ఉన్నది చెప్పు" అని మాత్రం అన్నాను.

"నేనేం దాస్త వదినె?" అన్నాడు అమాయకంగా.

బెల్లంపల్లిని కలిపాను. మా ఆయన ముందుగది గుమ్మంలో గొంతుక్కూర్చున్నారు. తండ్రి ముక్తసరిగా పలకరించి ఫోను కూతురి చేతికిచ్చాడు. మరిది గొంతు సవరించుకుని తన వాక్యం మొదలుపెట్టాడు. రెండు మాటలు అన్నాడో లేదో అమ్మాయి ఆపింది.

"వాక్యం తర్వాత ఇంట. ముందుగాల ఒకటి అడుగుత. మీరు ఎప్పుడన్న తాగిండ్రా?"

కువైట్ నుంచి చప్పుడు లేదు. లైను పోయిందేమోనని డబ్బా వైపు చూశాను. దీపం వెలుగుతూనే ఉంది. గుమ్మంలో మా ఆయన కళ్ళు మూసుకున్నారు. ప్రార్థనకు కూడా అంత గట్టిగా ఆయన ఎన్నడూ మూయలేదు.

"ఒక్కసారి" అన్నాడు మరిది చివరికి. తయారుచేసుకున్న గొంతు కాదది, ఇంట్లో నాతో మాట్లాడే గొంతు. "మొదటి జీతం నాడు. ఇంటికి పోలేక పక్కింటి అవ్వ గడపల పండుకున్న. గది మా వదినెకు తెల్వదనుకుంట." అంతలో నేను గుర్తొచ్చినట్టున్నాను. "వదినె, నువ్వు లైన్లనే ఉన్నవా?"

"ఉన్న, తమ్మీ. నాకు గప్పుడే తెలుసు."

"గప్పుడేనా!"

"తెల్లారి?" అంది అమ్మాయి, మా ఇద్దరి మాటా పట్టించుకోకుండా.

"తెల్లారి సిగ్గుతోని అవ్వ వాకిలి ఊడ్చిన."

"గడప ముందటనే ఊడ్చిండ్రా, వాకిలంతనా?"

"వాకిలంత. నల్ల దాక."

అప్పుడు నవ్వింది. ఎంతోసేపటి నుంచి ఆపుకున్న నవ్వులా పెద్దగా వచ్చింది. కువైట్‌లో ఆ మనిషి ఏమనుకున్నాడో గానీ అతను కూడా నవ్వాడు, ఎందుకో తెలియకుండానే. తండ్రి ఫోను లాక్కున్నట్టున్నాడు.

"మంచిదమ్మా" అన్నాడు నాతో, పెద్దరికం తగ్గకుండా. "ఇంట్ల అందరం కూసుని ఆలోచించి, వచ్చే ఆదివారం చర్చికి పోయొచ్చినంక చెప్తం."

వెనక నుంచి అమ్మాయి గొంతు వినిపించింది. "ఆలోచించుడు అయిపోయింది బాపూ. వాక్యం చెప్తనన్నడు గద, ఇప్పుడు చెప్పుమను."

మరిది ఆ వాక్యం మర్చిపోయాడు. నేను అందించాను.